అబ్బా ఘడీ ఎందుకు ఆగుతోంది?

రంజాన్ ఆఖరి అష్రాకి తమ్ముడు ఛుట్టీ మీద వస్తున్నాడని అమ్మీ ఫోన్ చేసిన రోజు నా చూపు బీరువా మీదికి పోయింది. ఆరేళ్లుగా అబ్బా ఘడీ అందులోనే ఉంది. ఇంతెఖాల్‌కి వారం ముందు అబ్బా అమ్మీతో అన్న మాట ఒక్కటే: "ఘడీ ఛోటేకి ఇయ్యి." వాడు అప్పుడు ఖతర్‌లో ఉన్నాడు, జనాజాకి అందలేదు. "నడుస్తలేదు కదా అమ్మీ, మరమ్మత్తు చేయించి ఇస్తా" అని నేను దాన్ని హైదరాబాద్ తీసుకుపోయా. నడవకపోవడం నిజమే. చేయించాలన్న నియ్యత్ ఎంత ఉండెనో అల్లాకే ఎరుక.

అది సీకో 6139. నీలం డయల్, నడుమ సన్నటి నారింజ ముల్లు, కింద ముప్పై నిమిషాలు లెక్కబెట్టే చిన్న చక్రం, పక్కన రెండు బటన్లు. మీలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక సీకో ఉండే ఉంటుంది. బాల్కొండ, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని మొహల్లా ఏది? టేప్ రికార్డర్, కంబళి, టైగర్ బామ్, ఘడీ. ఛుట్టీకి వచ్చినోళ్ల సామాన్ అదే. దానంతటదే చాబీ తిరిగే క్రోనోగ్రాఫ్‌లు లోకంలోకి వచ్చిందే 1969లో. ఆ ఏడాది వచ్చిన వాటిలో ఇదొకటి. 1973లో విలియం పోగ్ అనే అమెరికన్ వ్యోమగామి ఇలాంటిదే జేబులో పెట్టుకుని స్కైలాబ్‌కి పోయాడట, అదీ ఇజాజత్ లేకుండా. వెనక మూత మీది నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. మాది 83తో మొదలవుతుంది. అంటే 1978 మార్చ్. అబ్బా జెద్దా పోయింది ఆ మరుసటి ఏడాది.

అబ్బాకి ఆ చిన్న చక్రంతో ఉన్న పని ఫోన్. బస్టాండ్ దగ్గరి ఎస్టీడీ బూత్‌లో జుమ్మా తర్వాత మేం వరుసగా నిలబడేవాళ్లం. అటు నుంచి "హలో" వినబడగానే అబ్బా పై బటన్ నొక్కేవాడు. అమ్మీకి రెండు నిమిషాలు, నాకొకటి, ఛోటేకొకటి. ఛోటే మాట్లాడేది తక్కువ, ఏడ్చేది ఎక్కువ, వాడి నిమిషం ఎప్పుడూ దాటిపోయేది. "చలో, ఘడీ చూస్తున్నా" అనేవాడు అబ్బా. ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ని కాబట్టి ఘడీ అంటే గడియారమూ, క్షణమూ రెండూ అని తెలుసు. తెలుగు డిగ్రీకి వచ్చాక గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలని చదివి నవ్వొచ్చింది. మాకు అంత ఎవరిచ్చారు?

ఈ ఆరేళ్లలో ఒక్కసారి మాత్రం షహర్‌లో ఒక దుకాణంలో ఇచ్చా. పేరెందుకు లెండి. లోపల స్ప్రింగ్ మార్చామన్నారు, పైసలు తీసుకున్నారు, మూడో రోజు మళ్లీ ఆగింది. నేనూ పట్టించుకోలేదు. ఆగి ఉన్నంతకాలం అది నా దగ్గరే ఉంటుంది కదా.

ఈసారి సెలవు పెట్టి బాల్కొండ వచ్చి, నిజామాబాద్‌లో మెట్ల కింద కూర్చునే ఒక ముసలి ఘడీసాజ్ దగ్గరికి పోయా. చాచా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "రోజుకి ఎన్ని గంటలు తొడుగుతున్నవ్ బేటా?" అన్నాడు. గంటో, రెండు గంటలో అన్నా. "ఇది చాబీ తిప్పితే ఎక్కేది కాదు. చెయ్యి ఊగితేనే లోపల చాబీ ఎక్కుతది. ఆకలితో ఉన్నోణ్ని పరుగెత్తమంటే ఎట్ల? వారం రోజులు పొద్దంతా తొడుగు. ఎప్పుడు ఆగిందో, అప్పుడేం జరుగుతుందో రాసుకుని రా. మూత మాత్రం ఇంట్ల తియ్యకు, మీ దిక్కు పసుపు పాలిష్ నడుస్తది, దుమ్ము పోతే నేను చెయ్యగలిగేది లేదు."

విలేకరికి రాసుకోమంటే అంతకన్నా ఏం కావాలి. మొదటి రాత్రి పదకొండు నలభైకి ఆగింది. తారీఖు, రోజు రెండూ మారే వఖ్త్‌లో ఘడీకి బరువెక్కువ పడుతుంది, దొరికింది దొంగ అనుకున్నా. మర్నాడు పట్టపగలు రెండింటికి ఆగింది. దొంగ అది కాదు. ఫోన్ స్పీకర్ పక్కన పెడితే అయస్కాంతం పడుతుందని విని దిక్సూచి తెచ్చి ఆనించా, దాని ముల్లు కదల్లేదు. పొద్దంతా తొడిగినా ఆగుతూనే ఉంది.

అయిదో రోజు అసర్ తర్వాత ఊరికే పై బటన్ నొక్కా. నారింజ ముల్లు కదిలింది. ఇషాకి తీసి తాఖ్‌లో పెట్టా. సహరీకి లేస్తే ఇంకా తిరుగుతోంది. మర్నాడూ ఆగలేదు. బటన్ నొక్కి ముల్లు ఆపితే మాత్రం గంటలోపే ఘడీ మొత్తం ఆగిపోయింది. మళ్లీ చూశా, అదే.

చాచా కాపీ చదివి తల ఊపాడు. ముల్లు నడిచేటప్పుడు దాని ఇరుసు, చక్రం ఒకటిగా పట్టుకుని తిరుగుతాయట, రాపిడి ఉండదు. ముల్లు ఆగినప్పుడు ఇరుసు నిలబడి, చక్రం ఒక్కటే దాని చుట్టూ తిరగాలి. అక్కడ పాత నూనె ఎండి అంటుకుంది. తిరగలేక ఘడీ బలమంతా అక్కడే ఖర్చవుతోంది. ఆ భాగం కొత్తది దొరకదు, ఎవరిదైనా చచ్చిన ఘడీ వస్తే తీసి వేస్తానన్నాడు. మిగతాది సాఫ్ చేసి ఇచ్చాడు.

"మీ అబ్బా ముల్లు ఆపేవాడా?"

ఆపేవాడు కాదు. ఈ మోడల్‌లో వేరే సెకన్ల ముల్లు లేదు, కాబట్టి ఫోన్ లెక్క అయిపోయినా దాన్ని అట్లనే తిరగనిచ్చేవాడు. ఆపింది నేను. గుస్ల్‌కి ముందు చేతినుంచి తీసినప్పుడు ఆ ముల్లు ఇంకా తిరుగుతుండటం చూడలేక బటన్ నొక్కా. ఆ తర్వాత ఎప్పుడూ దాన్ని మళ్లీ నొక్కలేదు.

తమ్ముడు ఇరవై మూడో రోజాకి వచ్చాడు. ఇఫ్తార్ అయ్యాక ఘడీ చేతికిచ్చి, ఆరేళ్లు ఎందుకు పట్టిందో చెప్పా. మరమ్మత్తు కథ కాదు, అసలు సంగతి. వాడు పట్టీ బిగించుకుంటూ, "మాలూమ్ భాయీజాన్. అమ్మీ మొదటి సాలే చెప్పింది" అన్నాడు.

"మరి అడగలేదేం?"

"జనాజాకి నువ్వున్నవ్. నేను లేను. ఏం మొఖం పెట్టుకుని అడగాలె?"

అమ్మీ లేచి వంటింట్లోకి పోయి చాయ్ పెట్టింది.

ఈద్ అయ్యాక వాడు దోహా పోయాడు. జుమ్మా రోజు వీడియో కాల్ చేస్తాడు, గంట మాట్లాడినా పైసా కాదు. చెయ్యి ఎత్తి ఘడీ చూపిస్తాడు. పై బటన్ ముట్టకు అని ప్రతిసారీ గుర్తు చేస్తా.