చేతికి తగిన రాకెట్టు

"పాడెల్" అను మాట మా యింట మొదట వినబడిన సాయంకాలము మా అత్తగారు దేవుని యెదుట దీపము వెలిగించుచుండిరి. ఆమె చేతిలోని వత్తి క్రింద పెట్టి, "సందెపొద్దున ఆ మాటేమే తల్లీ!" అని మనుమరాలిని గద్దించిరి. పాపము, ఆమె చెవికది "పాడె" యని వినబడినది. అది శవమును మోయునది కాదనియు, బెంగుళూరిలో నాడుచున్న యొక బంతియాట యనియు నచ్చజెప్పుటకు మాకు అరగంట పట్టినది. మాట నవ్వుతో మొదలైనను, దానివలన మా యింట నొక నిజమైన చిక్కు పుట్టినది. ఆడపిల్లలను ఆటలకు పంపు తల్లులకు ఉపకరించునేమోయని దాని నిచ్చట వ్రాయుచున్నాము.

మా కాపురము హిందూపురమున. మా అమ్మాయి బెంగుళూరిలో ఉద్యోగము చేయుచు, సెలవు దినములందు రైలెక్కి వచ్చుచుండును. 2010 సంవత్సరమున అనంతపురములో, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామమందు, స్పెయిన్ దేశపు టెన్నిసు వీరుడు రాఫెల్ నడాల్ ధర్మసంస్థ పూనికతో బీదపిల్లలకొక టెన్నిసు పాఠశాల వెలసినది. చిన్ననాడు మా అమ్మాయి ఆ పిల్లలాడుట చూచి వచ్చి, తనకును రాకెట్టు కావలెనని పట్టుపట్టినది. నాటినుండి టెన్నిసు ఆడినది. రెండేండ్లుగా పాడెల్ ఆడుచున్నది.

ఈ యాటను 1969 లో మెక్సికో దేశపు అకపుల్కో పట్టణమున ఎన్రికే కోర్కుయేరా అను నాయన తన యింటి ఆవరణములో కల్పించెను. ఆటస్థలము 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టును గాజుగోడలు, ఇనుపవల. ఇరువైపుల ఇద్దరిద్దరు నిలిచి ఆడుదురు. నేల తాకి గోడకు తగిలి వచ్చిన బంతిని గూడ తిరిగి కొట్టవచ్చును. లెక్క మాత్రము టెన్నిసు లెక్కయే. రాకెట్టుకు తంతులుండవు, చిల్లులు గల దళసరి పలక యుండును. దాని పొడవు 45.5 సెంటీమీటర్లకును, మందము 38 మిల్లీమీటర్లకును మించరాదు. మా అత్తగారు దానిని త్రిప్పి చూచి, "ఇది బూందీ గరిటె గదా!" అనిరి. ఆ పోలిక మాకును తప్పనిపించలేదు.

కడచిన మాఘమాసమున మా అమ్మాయి వచ్చి, "అమ్మా, చీటీ డబ్బుతో నాకు పట్టుచీర వద్దు, రాకెట్టు కొనిపెట్టు" అన్నది. తానిప్పుడు నేర్పరుల వర్గమున ఆడుచున్నదట, ఎడమవైపు నిలుచునదట. కుడిచేతివాటపు జంటలో ఎడమవైపు వారే సాధారణముగా తలమీది బంతిని విసరికొట్టి పాయింటు ముగింతురు. స్పెయిన్ దేశపు గెమ్మా త్రియాయ్ ఆ స్థానమున నాడియే ప్రసిద్ధి కెక్కినది. అందులకు దూకుడు రాకెట్టు కావలెను. దాని వెల ఇరువదివేల రూపాయలకు పైమాట.

మరునాటి యుదయము ఆమె కాఫీ ఫిల్టరు మూత తీయబోయినది. కుడిచేతితో త్రిప్పలేక ఎడమచేతికి మార్చుకొన్నది. ఏమమ్మా యని యడిగితిమి, ఏమియు లేదన్నది.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పవలెను. మేము ఉన్నత పాఠశాలలో బాల్ బ్యాడ్మింటన్ ఆడితిమి. పసుపుపచ్చని ఉన్నిబంతి మా చేత బాగుగానే పలికెడిది. పెండ్లి నిశ్చయమైన వారమున మా బ్యాటు అటక యెక్కినది. "చేయి విరిగితే ఎవరు చేసుకుంటారు?" అని పెద్దలనిరి. ఫిల్టరు మూత చూచిన యుదయమున ఆ మాటయే మా నాలుక చివరకు వచ్చినది, మ్రింగివేసితిమి. వద్దనుట సులభము. అడిగినది కొనియిచ్చి చేతులు దులుపుకొనుటయు సులభమే. ఆ రెండును గాక, వస్తువును తెలిసికొని మరి నిశ్చయింతమనుకొంటిమి.

ఆమె స్నేహితురాలివద్ద ఎరువు తెచ్చిన దూకుడు రాకెట్టును, తన పాతదానిని మా వంటింటి త్రాసులో తూచితిమి. పాతది 360 గ్రాములు, క్రొత్తది 365. భేదము చిటికెడు. అయినను చేత బట్టినచో క్రొత్తది రెండింతలు బరువనిపించినది. మేము వింతపడుచుండగా మా అత్తగారు నవ్విరి. మా యూరు చింతపండు వ్యాపారమునకు పేరుపడినది. ఆమె వయసునందు చింతకాయలు కొట్టి గింజ తీసినవారు. "సుత్తి తల దగ్గర పట్టుకొంటే తేలిక, పిడి కొనన పట్టుకొంటే బరువు. దెబ్బ మాత్రం కొనన పట్టినప్పుడే గట్టిగా పడుతుంది. సాయంత్రానికి మోచేయి చెబుతుంది" అనిరి. రాకెట్టు శాస్త్రములో సగము ఆ మాటలో నున్నది. వ్రేలిమీద అడ్డముగా నిలిపి చూడగా క్రొత్తది పిడి అడుగునుండి 26 సెంటీమీటర్లు దాటిన తరువాత గాని తూగలేదు. బరువెంత యనుటకంటె, బరువెక్కడ నున్నదనుట ముఖ్యము.

తరువాతి ఆదివారము పెనుకొండకు పోయితిమి. మాకు ఆట నేర్పిన డ్రిల్లుమాస్టరుగారు పనినుండి విరమించి అచ్చట కాపురమున్నారు. 1565 లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర రాజులు రాజధాని చేసికొన్న ఆ ఘనగిరి కొండ, వారి వాకిటినుండి కనబడుచుండును. మాస్టరుగారికి పాడెల్ తెలియదు, ప్రశ్నించుట తెలియును. మా అమ్మాయి ఆకారములు మూడు వివరించినది. గుండ్రనిదానికి బంతి తగులవలసిన మేలైన చోటు నడుమ విశాలముగా నుండును. గురి తప్పినను క్షమించును. కన్నీటిబొట్టు ఆకారము మధ్యస్థము. వజ్రాకారమునకు ఆ చోటు పైకి జరిగి చిన్నదగును. అచ్చట తగిలిన బంతి తుపాకి గుండు, తప్పిన బంతి మొద్దు. దూకుడు రాకెట్లు మిక్కిలిగా నీ మూడవ జాతివే.

"తలమీదికి వచ్చిన పది బంతులలో ముగించునవి ఎన్ని తల్లీ?" అని మాస్టరుగారడిగిరి.

"మూడు సార్. తక్కినవి బందేహా కొడతాను."

బందేహా యనగా స్పానిషు భాషలో పళ్లెము. పళ్లెము పట్టినట్లు చేయి నిలిపి, బంతిని నెమ్మదిగా లోతునకు పంపి, వలదగ్గరి స్థానము నిలుపుకొను దెబ్బ.

"మూడింటికోసం ఏడింటిని పాడుచేసుకోరాదు గదా. అట్లని ఆ మూడూ మానుమననులే. ఆట మొదట గాక, ఆట చివర చూడు. అలసిన చేయి ఏ రాకెట్టును అదే చోట తగిలించునో, అది నీది. దూకుడు రాకెట్టు బలము నియ్యదమ్మా, ఉన్న బలమును ఖర్చుపెట్టును" అని వారు చెప్పిరి.

ఆ నెలలోనే మా బంధువులింటి పెండ్లి చీరలకై ధర్మవరము పోవలసివచ్చినది. మా ఆడబిడ్డ భర్తకు మగ్గము గలదు. మా అమ్మాయి రాకెట్టు చూపి, "మామా, ఇది పన్నెండు కె కార్బను" అని గొప్పగా చెప్పినది. కె యనగా వేయి. ఒక పోగులో పన్నెండువేల సన్నని కార్బను నారలున్నవన్నమాట. మూడువేలు, పదునెనిమిదివేలు గలవియు నున్నవి. ఆయన కండ్లద్దములు పెట్టుకొని నేత చూచి, "పోగులో ఎన్ని నారలైతే ఏమి? నేత ఎట్టిది, ఎన్ని మడతలు, గంజి ఎంత? అవి చెప్పకుండా గట్టిదని ఎట్లంటావు?" అనెను. అక్షరాల నిజము. కార్బను బట్టను గంజివలె పట్టి గట్టిపరచునది జిగురుమందు. కార్బనుకు మారుగా గాజునార వాడిన రాకెట్టు కొంత వంగి మెత్తగా పలుకును. ఇక లోపలి రబ్బరు నురుగు మెత్తనిదైనచో మెల్లని దెబ్బకును బంతి ఎగురును. గట్టిదైనచో నిండుగా విసరినప్పుడే బలము వచ్చును, అదురు మాత్రము చేతిలోనికి పాకును. మా ఆడబిడ్డ చీర మడత విప్పి, "బట్ట పలుచనై జరీ అంచు బరువైతే, చిరిగేది అంచు కాదు వదినా, బట్టే" అన్నది. ఆ మాట విని మా అమ్మాయి తల వంచుకొన్నది.

తిరుగు రైలులో చెప్పినది. రెండునెలలుగా మోచేతి వెలుపలివైపు నొప్పియట. చెప్పినచో ఆట మానిపింతుమని భయమట. మేము అటకమీది బ్యాటు కథ చెప్పితిమి. అంతవరకు ఆమె ఎరుగదు. హిందూపురము వచ్చువరకు ఇద్దరము మాటలాడలేదు.

వైద్యుడు టెన్నిసు ఎల్బో యనియే చెప్పెను. ఆరువారములు ఆట మాని, ముంజేతి కండరములకు వ్యాయామము చేయించెను. పిదప ఆమె బెంగుళూరిలో రెండు వజ్రాకారపు రాకెట్లను ఎరువు తెచ్చి, ఒక్కొక్క దినము ఒక్కొక్కదానితో ఆడి, కడపటి అరగంటలో సరిగా తగిలిన బంతులు లెక్కపెట్టుకొన్నది. గట్టి నురుగుతో తలబరువుగా నున్నది మొదట మెరుపులు మెరిపించి, చివర మొరాయించినది. రెండవది 355 గ్రాములు. నురుగు మధ్యరకము, తూకము కొంచెము పిడివైపు. మొదటి గంటలో దాని దెబ్బ ఒక వీసము తక్కువ. చివరి అరగంటలో అదే మిన్న. దానినే కొంటిమి. దూకుడు ఆమె మానలేదు. దూకుడునకు కావలసిన చేతిని కాపాడుకొన్నది.

తల్లులకు మా మనవి యిది. పెట్టెమీది గొప్పలు చూచి కొనకుడు. ఒక పూటయైనను ఆడించి చూడుడు. పిడి పట్టినప్పుడు వ్రేళ్లకొనలకును అరచేతికిని నడుమ చిటికెనవ్రేలు పట్టునంత సందుండవలెను. పిడికి మరియొక పట్టీ చుట్టినచో తూకము చేతివైపు జరుగును. అంచున రక్షణపట్టీ అంటించినచో తలవైపు జరుగును. మణికట్టు త్రాడు మరువరాదు. మన సీమయెండలో మూసిన కారులో రాకెట్టు నుంచినచో లోపలి నురుగు మెత్తబడి చెడును. నేర్చుకొనువారికి వజ్రాకారము తొందర; గురి కుదిరి, నొప్పిలేని చేయి గలవారికే అది తగును.

వైశాఖమున జరిగిన పోటీలో మా అమ్మాయి రెండవ వరుసలోనే ఓడినది. మరునాడు తెల్లవారి రైలుకు వచ్చి, ముఖము చిన్నబుచ్చుకొని వంటింటిలో కూర్చున్నది. మేము ఓదార్చు మాట వెదకుచుండగా, లేచి ఫిల్టరు మూతను కుడిచేత త్రిప్పి తీసి, కాఫీ కలిపి, మొదటి గ్లాసు అవ్వ చేతికిచ్చినది.

"ఆ బూందీ గరిటె ఆట మళ్ళీ ఎప్పుడే?" అని మా అత్తగారడిగిరి.