సొంత సర్వరుకు ఏ లినక్సు?

ఉచిత చోట్ల రాసుకునే మనబోటి వాళ్ళకు ఇల్లు మనది కాదన్న బెంగ ఒకటి ఉంటుంది. 2009 అక్టోబరులో అమెరికాలో జియోసిటీస్‌ను యాహూ మూసివేసినప్పుడు అక్కడి పుటల చిరునామాలన్నీ చెల్లని కాసులయ్యాయి. ఆ బెంగతోనే, నావీ నలుగురు మిత్రులవీ రాతలు భద్రపరచడానికి ఒక డెడికేటెడ్ సర్వరు అద్దెకు తీసుకుందామనుకున్నాను. యంత్రమంతా మన వాడకానికే. పొరుగువాడి రద్దీ మనల్ని తాకదు. అయితే తాళాలు మన చేతికొస్తే కాపలా బాధ్యత కూడా మనదే.

ఇక, ఏ లినక్సు? చాలాకాలం ఎక్కువమంది చెప్పిన సమాధానం సెంటాస్. దాని ఎనిమిదవ కూర్పు 2029 దాకా ఉంటుందని నమ్మినవారికి, 2021 డిసెంబరు 31తోనే సరి అని 2020 డిసెంబరులో తెలిసింది. నిర్ణయం రెడ్‌హ్యాట్ సంస్థది. ఆ లోటు పూడ్చడానికి 2021లో ఆల్మా, రాకీ వచ్చాయి, రెండూ మంచివే.

నేను మాత్రం డెబియన్ వైపు మొగ్గాను. 1993లో మొదలైన ఈ వ్యవస్థను నడిపేది స్వచ్ఛంద సేవకులు. ఒక్క సంస్థ తలచుకుంటే ఆగిపోయేది కాదు. ప్రతి స్థిర కూర్పుకూ మూడేళ్ళు భద్రతా సవరణలు, ఆపై రెండేళ్ళ దీర్ఘకాల మద్దతు ఉంటాయి. కొత్త సాఫ్టువేరు ఆలస్యంగా వస్తుందన్నది నిజమే. కథలూ వ్యాసాలూ అందించే సర్వరుకు ఆ ఆలస్యం అడ్డు కాదు.

మిత్రులకు ఒక్క మాట. రెండు డిస్కులను జంటగా నడిపే రెయిడ్ 1, ఒకటి చెడితే కాపాడుతుంది. చెరిపేసిన కథను మాత్రం రెండింటిలోనూ చెరిపేస్తుంది. కనుక మరో నకలు వేరే ఊళ్ళో, వేరే యంత్రం మీద ఉంచండి.