ప్లాస్టరింగ్ కింది పగులు

కేసముద్రంలో రైలు దిగి వ్యవసాయ మార్కెట్ వైపు నడిచాను. రోడ్డుకిరువైపులా కింద దుకాణాల షట్టర్లు, పైన ఒకటో రెండో అంతస్తుల ఇళ్లు. పైఅంతస్తులకు నాలుగు వైపులా ఇటుక గోడలున్నాయి, కింద రోడ్డువైపు మాత్రం గోడే లేదు. ఆ వైపు బరువంతా పిల్లర్ల మీదే. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కింద పార్కింగ్ కోసం ఖాళీగా వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి. ఆ సంగతి తెలిసినవాళ్లకు ఈ వరుస చూస్తే కంగారు పుడుతుంది. 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఆ భూకంప కేంద్రం ఇక్కడికి 100 కిలోమీటర్ల లోపే.

అలాంటి కుదుపు తర్వాత ఇల్లు బాగుందో లేదో మనం గోడలు చూసి తేలుస్తాం. బీము కింద ఇటుక గోడ కలిసేచోట వెంట్రుకంత గీత కనిపిస్తే బెంబేలెత్తుతాం. చాలాసార్లు అది ప్లాస్టరింగ్ విడిపోవడమే. పిల్లర్ తలభాగంలో ఏటవాలుగా పడే పగులు మాత్రం నిజంగా ప్రమాదం. అది సున్నం, టైల్స్, ఫాల్స్ సీలింగ్ వెనక ఉండిపోవచ్చు. అందుకే కంటిచూపుకు తోడు భవనం కదలికను కొలిచిన రికార్డు కూడా ఉండాలంటాను.

ప్రతి భవనానికీ తనదైన ఊగే వేగం ఉంటుంది. 9 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పున్న ఇటుక గోడల కాంక్రీటు ఇంటికి మన భారతీయ ప్రమాణాల సూత్రం ప్రకారం ఒక ఊపుకు 0.27 సెకను పడుతుంది, అంటే సెకనుకు దాదాపు 3.7 ఊపులు. పిల్లర్లు చిట్లి బిగువు 20 శాతం తగ్గితే ఆ వేగం 10 శాతం దాకా పడిపోయి 3.3కు వస్తుంది. నేల మీద ఒక సెన్సర్, పైకప్పు మీద ఒకటి పెడితే ఈ తేడా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ వాన్‌నైస్‌లోని ఏడంతస్తుల కాంక్రీటు హోటల్‌లో 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం నాలుగో అంతస్తు పిల్లర్లను చీల్చింది. భవనం బిగువు సడలిన తీరు అక్కడి సెన్సర్ల రికార్డుల్లో ఉంది.

అయితే వేగం తగ్గిందంటే దెబ్బ తగిలినట్టేనా? కానక్కర్లేదు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో ఒకప్పటి తొమ్మిదంతస్తుల మిల్లికన్ గ్రంథాలయం ఊగే వేగం పెద్ద వాన పడినా, ఎండ ముదిరినా కాస్త మారేది. 1971 భూకంపంలో బాగా పడిపోయి, తర్వాత కొంత కోలుకుంది. ఈ అభ్యంతరం బలమైనదే, కానీ దాని నుంచి తేలేది సెన్సర్ వద్దని కాదు. ముందే, వేర్వేరు కాలాల్లో కొలిచిన లెక్క ఉండాలని తేలుతోంది. మామూలు రోజుల హెచ్చుతగ్గులు తెలియకపోతే, భూకంపం మర్నాడు తీసిన అంకెను దేనితో పోల్చాలి? పైగా రెండు సెన్సర్లు ఏ పిల్లర్ చిట్లిందో చెప్పలేవు. ముందుగా ఏ భవనంలో ప్లాస్టరింగ్ కొట్టి చూడాలో చెబుతాయి. పిల్లర్ దగ్గర నిలబడి తీర్పు చెప్పాల్సింది ఇంజినీరే.

ఇది భూకంపాల నేల కాదు కదా అనేవారికి 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపాన్ని గుర్తుచేస్తాను. ఈ గోదావరి లోయ కింద పాత చీలికలున్నాయి. ఖర్చు భయమూ ఇక్కడ పెద్దగా నిలవదు. తొలి లెక్క తీయడానికి భూకంపం దాకా ఆగక్కర్లేదు, గాలికి, కాజీపేట - విజయవాడ లైనులో పోయే రైళ్లకు వచ్చే సన్నటి వణుకే చాలు. దాన్ని పట్టే పరికరాన్ని భవనం నుంచి భవనానికి మోసుకెళ్లవచ్చు. కాబట్టి మహబూబాబాద్ జిల్లాకు ఒక్క జత కొన్నా బడులు, ఆసుపత్రులు, మార్కెట్ గోదాములు ఒక్కొక్కటిగా కొలవవచ్చు. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి అదే మూలన పెట్టి కొలిచి, ఆ అంకెల్ని భవనం ప్లానుతో కలిపి దాచాలి. శాశ్వత సెన్సర్లు ముందుగా ఆసుపత్రులకే పెట్టాలి, భూకంపం రోజున గాయపడ్డవాళ్లను లోపలికి తీసుకోవచ్చా లేదా అన్నది గంటల్లో తేల్చాల్సింది అక్కడే.