ఘాట్ దిగే పాత డీజిల్ బండికి మిస్సింగ్ వస్తే

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, బండి గురించి రాస్తున్నాం. మన ఏజెన్సీలో పసుపు, కాఫీ బస్తాలు కిందికి దిగాలన్నా, అంబులెన్సు రాలేని ఊరి నుంచి మనిషిని ఆసుపత్రికి తేవాలన్నా చాలా చోట్ల ఒక పాత డీజిల్ బండే దిక్కు. మా ఊరికి అది బావ నడిపే టాటా 407. కంప్యూటరూ లేదు, సెన్సారూ లేదు. చెవీ, నాలుగు పానాలూ ఉంటే జబ్బు పట్టుకోవచ్చు.

జబ్బేంటంటే స్పీడులో బాగానే పోతుంది, న్యూట్రల్‌లో పెడితే దడదడా కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. బావ స్లో స్క్రూ తిప్పి ఐడ్లింగ్ పెంచేశాడు. "ఇప్పుడు ఆగట్లేదు కదరా" అంటాడు. మైదానంలో అయితే ఏమోగానీ పాడేరు ఘాట్‌లో ఈ మాట కుదరదు. మలుపులో క్లచ్ నొక్కగానే ఇంజను ఆగిందంటే బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ తయారవడం కూడా ఆగిపోతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అయిపోతుంది. వెనక బస్తాల మీద కూర్చునేది మనవాళ్ళే.

కింద టౌన్‌లో చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండా "పంపు దింపాల్సిందే" అన్నారు. అంత డబ్బు పెట్టేముందు చవకైనవి చూద్దామని సెలవులకి వచ్చిన మేం నలుగురం కూర్చున్నాం. మాలో ఇద్దరు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసినవాళ్ళే.

ముందు పొగ చూశాం. లంబసింగి చలిలో పొద్దున్నే ఏ పాత ఇంజనైనా కాసేపు తెల్లపొగ వదిలి కొట్టుకుంటుంది, అది జబ్బు కాదు. మాది వేడెక్కాక కూడా పోలేదు. కళ్ళు మండే తెల్లపొగ, అంటే డీజిల్ కొంత కాలకుండానే బయటికొస్తోంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్లగా వస్తే గాలికి మించి డీజిల్ పడుతున్నట్టు.

తర్వాత డీజిల్ లైను. ఫిల్టర్ గిన్నెలో అడుగున నీళ్ళు కనబడ్డాయి, తీసేశాం. బ్లీడ్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొడితే బుడగలు ఎంతకీ ఆగట్లేదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి వచ్చే రబ్బరు పైపు పగిలి ఉంది. ఇది చాలామందికి దొరకదు, ఎందుకంటే అక్కడ డీజిల్ కింద కారదు. ఇంజను తిరిగేటప్పుడు ఆ పైపులో ఉండేది లాగుడే, కాబట్టి చీలిక లోంచి గాలి లోపలికి పోతుంది. పైపు, క్లిప్పులు మార్చి ఎయిర్ తీశాక ఆగిపోవడం పోయింది. ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగడం కూడా పోయింది. కానీ ఒకే తాళంలో వచ్చే మిస్సింగ్ మిగిలింది.

అలా తాళంగా వస్తే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా పనిచేయట్లేదని అనుమానించాలి. ఐడ్లింగ్‌లో ఒక్కో సిలిండర్‌కి పడేది చుక్కంత డీజిల్, అందులో కొంచెం తేడా వచ్చినా వెంటనే తెలుస్తుంది. ఇంజను నడుస్తుండగా నాజిల్ దగ్గర పైపు నట్టు ఒక్కొక్కటే కాస్త వదులు చేసి చూశాం. బాగున్న సిలిండర్‌ది వదిలితే శబ్దం మారుతుంది, ఇంజను ఇంకా కుంగుతుంది. మూడోది వదిలితే ఏమీ మారలేదు. దొంగ దొరికాడు!

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అక్కడ వేలు అడ్డం పెట్టకండి, మీద గుడ్డ చుట్టండి, కళ్ళజోడు పెట్టుకోండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది పోటులా కనిపించినా లోపల కుళ్ళిపోయి వేలు తీసేయాల్సి రావచ్చు. పసరు రాసి ఊరుకోవద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడో నాజిల్ రెండోదాంట్లో, రెండోది మూడోదాంట్లో వేశాం. మిస్సింగ్ రెండో సిలిండర్‌కి మారింది. అంటే తప్పు నాజిల్‌దే. మారకుండా మూడోదాంట్లోనే ఉండిపోతే టాపెట్లు, కంప్రెషన్ చూడాల్సి వచ్చేది. టెస్టింగ్‌కి పట్టుకెళ్తే డీజిల్ పొగమంచులా చిమ్మకుండా చుక్కలు కారుస్తోంది. నాజిల్, కింద రాగి వాషర్ కొత్తవి వేశాం. పంపుకి చెప్పిన డబ్బులో పదో వంతు కూడా కాలేదు.

స్లో స్క్రూ మళ్ళీ పాత చోటికి తిప్పేశాం. బావ ముందు ఒప్పుకోలేదు, ఆగిపోతుందని భయం. అరగంట న్యూట్రల్‌లో వదిలేసి టీ తాగొచ్చాక ఊరుకున్నాడు. ఇంజను కింద ఫౌండేషన్ రబ్బరు ఒకటి చితికి ఉంది, క్యాబిన్ ఇంకా కొంచెం వణకడం దానివల్లే. వచ్చే సంతకి దిగినప్పుడు అదీ తెస్తాం.