పంపు విప్పే ముందు ట్యాంకు మూత తియ్యండి

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా తండాలో నాలుగు ఇండ్లు కలిసి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పాత డీజిల్ పికప్ ఉంది. ఎండాకాలం కేసీ కెనాల్ కింద వరిగడ్డి కొని, కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి రాయచోటి వైపు తెచ్చుకుంటాం. గడ్డి రాకపోతే ఎనుములు సంతకు పోతాయి. ఎనుములు పోతే మా హాస్టల్ ఖర్చులకు దారి లేదు.

పోయిన ఎండాకాలం బండి మొరాయించింది. చదును రోడ్డు మీద బాగానే పోతుంది, ఘాట్‌లో లోడుతో లాగడం లేదు. టౌన్‌లో ఒక షెడ్డులో "పంపు పోయింది, దింపాల్సిందే" అన్నారు. అడిగిన డబ్బు ఒక ఎనుము రేటు. పాత లారీ డ్రైవర్ అయిన మా పెదనాయన గోర్ బోలీలో చెప్పింది తెలుగులో ఇట్ల: "పంపు కాడికి పోయేది చివర్న. డీజిల్ యాడ ఆగుతాందో ట్యాంకు కాన్నుంచి సూసుకుంటా రాండి." అట్లనే చేసినాం.

మొదట ట్యాంకు మూత. దాంట్లో గాలి పోయే సన్న బెజ్జం మూసుకుపోతే డీజిల్ సరిగా రాదు. బండి ఈడ్చేటప్పుడు ఆపి మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజిన్ మళ్ళీ అందుకుంటే లోపం అదే. మాది అది కాదు.

రెండోది ఫిల్టర్. అడుగు స్క్రూ వదులు చేసి సీసాలో పట్టినాం. నీళ్ళు డీజిల్ కన్నా బరువు, కిందికి చేరతాయి. మాకు నీళ్ళూ, తుప్పు రజనూ కనిపించినాయి. కొత్త ఫిల్టర్ వేస్తే రొంత మేలైంది, అంతే.

మూడోది గాలి. పొద్దున చేతిపంపు కొడితే గానీ స్టార్ట్ కాకపోతే రబ్బరు పైపులు, రాగి వాషర్లు చూడాలి. పంపుకు ముందున్న పైపు పగిలితే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోవచ్చు. మావి బాగున్నాయి.

ఆఖరికి క్యాన్‌లో మంచి డీజిల్ పోసి, గట్టిగా కట్టి, లోపల కనపడే పైపుతో నేరుగా ఇంజిన్‌కు ఇచ్చినాం. లోడుతో ఘాట్ ఎక్కేసింది! అంటే పంపు బాగుంది, అడ్డం ట్యాంకు వైపే. ట్యాంకు దింపితే లోపలి పైపు కొసన ఉన్న జాలికి తుప్పు, బురద అట్టకట్టి ఉన్నాయి. కడిగి బిగించినాం. ఖర్చు ఒక ఫిల్టర్, ఒక రోజు పని.

పంపును మన మెకానిక్కులు ఇప్పటికీ మైకో పంపు అంటారు. 1951లో మొదలైన మైకో పేరు అది, 2008లో బాష్ అయింది. లోపలి భాగాల మధ్య ఖాళీ వెంట్రుక కన్నా సన్నం. దుమ్ములో విప్పితే బాగున్న పంపు కూడా పాడవుతుంది.

ఒక జాగ్రత్త. ఇంజిన్ తిరుగుతుంటే నాజిల్ పైపుల దగ్గర చెయ్యి పెట్టొద్దు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. కొత్త సీఆర్‌డీఐ బండ్ల నాజిల్ పైపులు అసలు వదులు చెయ్యొద్దు.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే తమ్ముళ్ళు ఈ వరస తండాలో నలుగురికీ నేర్పండి. ఎవరైనా "పంపు పోయింది" అంటే, క్యాన్‌తో చూసినారా అని మనవాళ్ళు అడగగలగాలి.