రెండు తప్పులు

మొన్న పొద్దున్న పటమట రైతుబజారులో నా ముందు ఓ పెద్దాయన దొండకాయలు కొన్నాడు. చిల్లర అరచేతిలో పరుచుకుని చూసి, "లెక్క తప్పమ్మా, పది ఎక్కువిచ్చావ్" అన్నాడు. పక్కనున్న మనవడు చొక్కా పట్టుకు లాగాడు, "పోనీలే తాతయ్యా" అంటూ. "తప్పురా!" అన్నాడాయన.

చూశారా, రెండుసార్లూ ఒకటే మాట! ఒక తప్పు కూడికలోది, ఇంకోటి నడతలోది. దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం... ఏదైనా సరే, తప్పిపోవడానికి ముందు అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదండీ.

అలాంటిదేమీ లేదన్నాడు ఇంగ్లండులో ఏయర్ అనే తత్వవేత్త, 1936లో. దొంగతనం తప్పు అంటే అందులో నిజమూ లేదు, అబద్ధమూ లేదు, అది "ఛీ" అనడం లాంటిదేనట. పది రూపాయల్ని లెక్కపెట్టి చూపించినట్టు రెండో తప్పును చూపించలేం, ఒప్పుకుంటాను. పోనీ, నలుగురూ నడిచిందే దారి అనుకుందామా?

అనుకోలేను. ఈ పటమటలోనే ఉండేవాడు గోరా, గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం చెప్పే మేష్టారు. నాస్తికుడని కాకినాడలోనూ బందరులోనూ కాలేజీ ఉద్యోగాలు పోయాయి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని ఇక్కడికి తెచ్చాడు. అంటరానితనం ఊరంతా నడిచిన దారిగా ఉన్న రోజుల్లో సహపంక్తి భోజనాలు పెట్టించాడు. నలుగురి నడకే కొలత అయితే దారి తప్పినవాడు ఆయనే! కాదు, దారే తప్పు. ఊళ్లో ఒక్కరు ఒప్పుకోకపోయినా అది తప్పే. నాకిందులో ఇసుమంత అనుమానం లేదు.

దేవుణ్ణి తీసేస్తే తప్పొప్పులు ఎక్కడ నిలబడతాయని అడుగుతారు కొందరు. గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేద్దామనుకున్నప్పుడు, సేవాగ్రామంలో తానే ఆ పెళ్లి జరిపిస్తానన్నారు గాంధీజీ. ప్రమాణంలో "దేవుడు" అన్నచోట "సత్యం" అనడానికీ ఒప్పుకున్నారు. ఎవరి పేరు మీద అన్నది మారింది గానీ, ప్రమాణం ప్రమాణంగానే ఉంది చూడండి.

1948 జనవరి 30న గాంధీజీని చంపేశారు. మార్చిలో, అనుకున్నట్టే సేవాగ్రామంలో, ఆ పెళ్లి జరిగింది. మాట తప్పలేదు.