తాడు నరికి చూశారు

పోయిన నెల మా రిలీజ్ రెండు వారాలు ఆలస్యమైంది. కారణం నేనే. బ్యాకప్ నుంచి డేటా వెనక్కి వస్తుందో లేదో చూడకుండా సరే అననన్నాను. చూస్తే సగం టేబుళ్ళు ఖాళీ! అయినా మా మేనేజర్ ఇప్పటికీ ముభావంగానే ఉన్నాడు.

ఈ గోలలో ఉండగానే ఈఫిల్ టవర్ లిఫ్టుల కథ చదివాను. 1889 మే 15న జనాన్ని లోపలికి వదిలారు గానీ, నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టులు మే 26 దాకా మొదలు కాలేదు. ఈలోపు దాదాపు 30,000 మంది మెట్లెక్కారు! టవర్ కాళ్ళు ఏటవాలుగా ఉంటాయి, లిఫ్టు నిటారుగా పోయే వీల్లేదు. అందుకని ఓటిస్ లిఫ్టుకి పరీక్ష పెట్టారు. సీసం నింపి, మామూలు తాళ్ళతో వేలాడదీసి, ఆ తాళ్ళు నరికేశారు. లిఫ్టు కాస్త జారింది, బ్రేకు పట్టి ఆగింది.

మెట్లెక్కినవాళ్ళు ఆయాసపడి తిట్టుకునే ఉంటారు. కానీ ఎక్కాక తాడు తెగితే తిట్టడానికి మనిషే మిగలడు కదా.

అప్రైజల్ వచ్చే నెలే. మళ్ళీ అడిగినా నా జవాబు అదే. మీరైతే ఏం చేసేవారు?